నోటిమాట ఆదేశం

నా సర్వీసులో నేను చేసిన మంచి పనుల గురించి రిటైర్మెంటు సభలో అందరూ చెప్పేశారు. చెయ్యనివి కూడా నాలుగు కలిపి చెప్పారు. మెడ నిండా దండలున్నప్పుడు కాదనడం బాగుండదని నేనూ తలూపాను. కానీ కొత్తగా మున్సిపాలిటీల్లో చేరుతున్న మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. అది చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

అప్పటికి నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది. గుంటూరుకు దగ్గర్లోనే ఒక మున్సిపాలిటీకి కమిషనర్‌ని. ఒకరోజు మా అధికారుల సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశారు.

"మేడమ్, మన నీతి నియమావళి తిరగరాయాలనుకుంటున్నాం. కమిటీకి మీరు పెద్దగా ఉండాలి. మీరైతే వేలెత్తి చూపించేవాడు ఉండడు."

ఆ ఆఖరి మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా సరేనన్నాను. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా.

నియమావళి అంటే ప్రభుత్వం పెట్టే సర్వీసు నిబంధనలు కాదు. కమిషనర్లం, మేనేజర్లం ఎలా నడుచుకోవాలో మాకు మేమే రాసుకున్నది. పాతది ఎప్పుడో టైపు మిషను మీద కొట్టిన మూడు కాగితాలు. అధికారి గుత్తేదారు జీపు ఎక్కరాదు. పర్యటనల్లో పూలదండ, నిమ్మకాయ తప్ప మరే కానుకా పుచ్చుకోరాదు. నిమ్మకాయలు ఎన్నో మాత్రం రాయలేదని మావాళ్ళు నవ్వుకునేవారు. ఇప్పటి మన తిప్పలు ఆ కాగితాలకు తెలియవు. కుళాయి రాలేదని ఫిర్యాదు చేసిన ఆడమనిషి ఫోటో, ఫోన్ నంబరు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాం. ఛైర్‌పర్సన్‌గా భార్య గెలిస్తే కుర్చీలో భర్త కూర్చుంటాడు. వీటికి నియమాలు కావాలి.

కమిటీలో ముగ్గురం. నేను ఒకదాన్ని. రెండోవారు పొన్నూరు నుంచి వచ్చే పెద్దాయన, ఎప్పుడో రిటైరైన కమిషనర్. ఆ పాత నియమావళి రాసింది ఆయనే. ఎనభై దాటినా ప్రతి శనివారం మధ్యాహ్నం గొడుగు, ఫ్లాస్కు పట్టుకుని బస్సులో గుంటూరు వచ్చేవారు. మూడో మనిషి దర్శి వైపు ఒక చిన్న పట్టణంలో కమిషనర్‌గా ఉన్న అమ్మాయి. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. అనుకున్నది ముఖం మీద అనేస్తుంది.

వాట్సాప్ సంగతి, భర్తల సంగతి రెండు మూడు శనివారాల్లో తేలిపోయాయి. నాలుగోసారి ఆ అమ్మాయి అంది:

"మేడమ్, ఒకటి అడగొచ్చా? మనకి పైనుంచి ఫోన్లో చెప్తారు. మనం కిందవాళ్ళకి నోటితో చెప్తాం. ఫైల్లో ఒక్క అక్షరం ఉండదు. తేడా వస్తే కింద వాడే దొరుకుతాడు. దీనికి ఒక్క నియమమన్నా లేదేంటండీ?"

పెద్దాయన ఫ్లాస్కు మూత తిప్పుతూ, "మా రోజుల్లో నోటిమాటకి విలువుండేదమ్మా" అన్నారు.

"ఎవరికండీ విలువ? చెప్పినవాళ్ళకా, విన్నవాళ్ళకా?"

ఆయన నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను. ఆ నియమం నేను రాసుకొస్తానని చెప్పి లేచాను.

రాయలేకపోయాను. రెండు వారాలు కూర్చున్నాను. ఎందుకు రాయలేకపోయానో చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు నేను పడమటి మెట్టలో ఒక ఊళ్ళో కమిషనర్‌ని. పేరెందుకు లెండి. సీజన్లో రోడ్డు నిండా పత్తి లారీలు, టిక్కీలనే పెద్ద పెద్ద మిర్చి బస్తాలు. ఊళ్ళో మున్సిపల్ బడి ఒకటి, దాని వెనక గోడకి ఆనుకునే ఒక కారం మిల్లు. పనికిరాని తాలుకాయలు, తొడిమలు అంతా ఆ గోడ పక్కనే కుప్ప పోసేవారు. మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ అది చూసి నోటు పెట్టాడు. సన్నటి మనిషి, అందరికంటే ముందొచ్చి అందరి తర్వాత వెళ్ళేవాడు. కుప్పకు నిప్పంటుకుంటే ఘాటు సరాసరి తరగతి గదుల్లోకి వస్తుందని, కుప్ప తీసేదాకా మిల్లు ఆపించాలని రాశాడు.

అదే రోజు ఊరి పెద్ద ఒకాయన నాకు ఫోన్ చేశాడు. బెదిరించలేదు, ఆశ చూపించలేదు. "సీజనమ్మా, రెండు నెలలు చూసీచూడనట్టు పోనిద్దురూ" అన్నాడు, ఎంతో మర్యాదగా. మర్యాదకి లొంగినంత తేలిగ్గా మనం దేనికీ లొంగం. నేను ఆ నోటు మీద "చర్చించండి" అని రాసి సంతకం పెట్టాను.

ఆ మాట మీకింకా కొత్త. పై అధికారి ఫైలు మీద "చర్చించండి" అని రాస్తే, వచ్చి మాట్లాడమని అర్థం. మాట్లాడుకున్నది మాత్రం ఎక్కడా రాయం. ఫైలు అక్కడే ఆగిపోతుంది, ఆపిందెవరో ఫైలుకి తెలియదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి నిలబడ్డాడు.

"సీజన్ అయ్యేదాకా ఆగండి" అన్నాను.

"రాసిస్తారా మేడమ్?"

"నేను చెప్తున్నాగా."

వెళ్ళిపోయాడు.

అయిదు వారాల తర్వాత ఒక ఉదయం, బడిలో ప్రార్థన వేళకి ఆ కుప్ప అంటుకుంది. ఎవరు అంటించారో ఈనాటికీ తేలలేదు. గాలి బడి వైపే ఉంది. నేను మూడు వీధుల అవతల జీపు దిగేసరికే కళ్ళు తెరవలేకపోయాను. పిల్లలు దగ్గుతూ, వాంతులు చేసుకుంటూ రోడ్డు మీదికి వస్తున్నారు. పంతుళ్ళు తడి గుడ్డలు కప్పుతున్నారు. పక్క కల్లాల్లో తొడిమలు తీస్తున్న తల్లులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ చేతుల నిండా కారం. పిల్లల కళ్ళు తుడవడానికి లేదు. మోచేతులతో పిల్లల్ని దగ్గరికి లాక్కుని, చేతులు పైకెత్తి పట్టుకుని ఏడుస్తున్నారు. ఎంతమంది పిల్లలో ఆ రోజు లెక్కపెట్టలేకపోయాను. ఆ పైకెత్తిన చేతులు మాత్రం మరిచిపోలేదు.

అందరూ సాయంత్రానికి కోలుకున్నారు, ఒక్క పాప తప్ప. మూడో తరగతి. అంతకు ముందే ఆయాసం ఉన్న పిల్ల. గుంటూరు ఆసుపత్రిలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. దేవుడి దయ, బతికింది.

విచారణ జరిగింది. "మేడమ్ సీజన్ అయ్యేదాకా ఆగమన్నారు" అని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. విచారణాధికారి నన్నడిగాడు. నేనన్నాను: "చర్చకి రమ్మని రాశాను. ఆ తర్వాత ఫైలు మళ్ళీ నా దగ్గరికి రాలేదు."

అందులో ఒక్క అబద్ధం లేదు. చక్కటి నిజాలతోనే మనిషిని ముంచొచ్చు. ఇన్‌స్పెక్టర్ నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. అశ్రద్ధ చేశాడని అతని సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. దూరంగా బదిలీ అయింది. రావలసిన ప్రమోషను వెనకబడిపోయింది. ఊరు వదిలే ముందు ఒకసారి నా గదికి వచ్చాడు.

"మీరు ఆగమన్నారని ఒక్క ముక్క రాయండి మేడమ్. మిమ్మల్నేం అనరు."

"చూద్దాం" అన్నాను. అది నేను అతనితో అన్న ఆఖరి మాట.

మా నాన్న మిషన్ స్కూల్లో పంతులు. ఆదివారం ప్రార్థన మానే ఇల్లు కాదు మాది. ఆ పన్నెండేళ్ళూ ప్రతి ఆదివారం అందరితో కలిసి, మా తప్పులు మన్నించమని వేడుకున్నాను. బహువచనంలో ఒప్పుకోవడం తేలిక.

ఇక ఆ నియమం. మూడో వారం ఎలాగో రాసి కమిటీకి తీసుకెళ్ళాను: "నోటితో ఇచ్చిన ఆదేశాన్ని అవసరమని తోచినప్పుడు, సాధ్యమైనంత వరకు, వీలువెంబడి రాతలో పెట్టవలెను." ఆ అమ్మాయి చదివి కాగితం కింద పెట్టింది.

"దీంట్లోంచి తప్పించుకోవడానికి మూడు తలుపులున్నాయి మేడమ్. మీరు రాసినట్టే లేదు." నా వైపు తిరిగి అడిగింది, "మీకెప్పుడైనా ఇలాంటిది జరిగిందా?"

ఎందుకో ఆ రోజు అబద్ధం నోటికి రాలేదు. మొత్తం చెప్పేశాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు.

"సర్వసభ్య సమావేశంలో ఇది చెప్పి నియమం పెడదామనిపిస్తోందండీ" అన్నాను.

"చెప్పు. కానీ ముందు ఆ అబ్బాయిని అడుగు" అన్నారాయన. ఆయన లెక్కలో అరవై దాటినవాడు కూడా అబ్బాయే. "ఆ కష్టం అతనిదమ్మా. అతన్ని అడక్కుండా నువ్వు దాన్ని సభలో పంచకూడదు."

ఇంట్లో మావారికి చెప్తే కంగారు పడ్డారు. "నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు. ఇప్పుడు మెమో తెచ్చుకుంటావా? అందరూ మర్చిపోయారుగా" అన్నారు. అందరూ మర్చిపోయారన్నది నిజమే. అతను కూడా మర్చిపోయాడని మాత్రం నేననుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ రిటైరై వేటపాలెంలో ఉంటున్నాడు. వెతుక్కుంటూ వెళ్ళాను. చిన్న డాబా ఇల్లు. వాళ్ళావిడ అప్పుడే జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని ముగించుకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నేను పేరు చెప్పగానే చెంబు కింద పెట్టేసింది.

"మీరేనా ఆ మేడమ్ గారు? గుంటూరు నుంచి వేటపాలెం రావడానికి పన్నెండేళ్ళు పట్టిందా అండీ? ప్యాసింజరు రైలెక్కినా పూటలో దిగుతారే!"

లోపల్నుంచి ఆయన వచ్చాడు. జుట్టంతా నెరిసింది. "ఊరుకోవే. కూర్చోండి మేడమ్."

"నేనెందుకూరుకోవాలి? ఆ ఏడంతా నువ్వు సరిగ్గా అన్నం తిన్నావా?"

ఆవిడ అన్నది నిజమని, ఆ రోజు నేను ఆగమన్నానని, విచారణలో ఆ మాట మింగేశానని, అది సభలో చెప్తానని, డిపార్ట్‌మెంటుకి కూడా రాస్తానని, అతనికి ఇష్టమైతేనేనని, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. "క్షమించండి" అన్న మాట అన్నిటికంటే చివర వచ్చింది. ముందు రావలసింది.

అతను అడిగాడు, "ఆ పాప ఎలా ఉందో తెలుసా మేడమ్?"

నాకు తెలియదు. అంత దగ్గర్లో ఉండి ఒక్కనాడూ వాకబు చెయ్యలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

"గుంటూర్లోనే డిగ్రీ చదువుతోంది. ఆయాసం తగ్గిపోయిందంట. వాళ్ళ నాన్న అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు నాకు."

పన్నెండేళ్ళుగా గుండెల్లో పెట్టుకున్న రాయి కొంచెం కదిలింది. అక్కడే, ఆ పరాయి వాళ్ళ వరండాలో, ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"చెప్పండి మేడమ్, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడతను. "కానీ నన్ను మరీ అమాయకుణ్ణి చెయ్యకండి. మీరు ఆగమన్నారు, నేను ఆగాను. రెండో నోటు పెట్టొచ్చు. భయపడ్డాను. ఆ అయిదు వారాలూ రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్ళాను. అదీ చెప్పండి."

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నేను తెచ్చిన కాగితం చదివాడు. అప్పటికి మూడు తలుపులూ మూసేసి, ఆదేశం ఇచ్చిన అధికారే అదే రోజు దాన్ని రాతలో పెట్టాలని తిరగరాశాం. మాకు అది గొప్పగానే అనిపించింది.

"ఇది పనిచెయ్యదు మేడమ్."

"ఎందుకని?"

"రాసే ఉద్దేశం ఉన్నవాళ్ళు నోటితో ఎందుకు చెప్తారండీ? ఇచ్చినవాళ్ళు రాయరు. విన్నవాణ్ణి రాసుకోనివ్వండి. ఫలానా రోజు ఫలానావారు ఇలా చెప్పారని రాసి ఫైల్లో పెట్టుకోనివ్వండి. రాసినందుకు వాడి మీద కక్ష కట్టకుండా చూడండి. అంతే."

ముగ్గురు కమిషనర్లం కలిసి వారాల తరబడి పట్టుకోలేని సంగతి ఆయన అయిదు నిమిషాల్లో చెప్పాడు. నేను అక్కడే ఆ కాగితం వెనక రాసుకున్నాను.

లేవబోతుంటే వాళ్ళావిడ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "తాగి వెళ్ళండి. కోపం కోపమే, టీ టీయే."

సర్వసభ్య సమావేశం ఒక ఆదివారం గుంటూరులో పెట్టారు. మిగతా నియమాలన్నీ చప్పట్లతో గడిచిపోయాయి. విన్నవాడు రాసుకోవచ్చన్న ఈ నియమం చదవగానే పెద్ద మున్సిపాలిటీ కమిషనర్ ఒకాయన లేచాడు. గొంతు గట్టిది, మనిషి పనిమంతుడు.

"ఇదేం నియమమండీ? ప్రతి మేస్త్రీ పుస్తకం పట్టుకుని నిలబడితే ఊళ్ళు నడుస్తాయా? తుఫానొచ్చినప్పుడు నోటితో చెప్పమా?"

దర్శి వైపు అమ్మాయి లేచి, "చెప్పండి సార్. పని ఆపమనట్లేదుగా. పని చేసొచ్చి రాసుకుంటాడు" అంది.

"అంటే మా మీద నమ్మకం లేదనేగా!"

హాలంతా ఆయన వైపు తిరిగింది. చప్పట్లు కూడా కొట్టారు. ఇక ఓటుకి పెడితే నియమం పోయేదే. నేను మైకు తీసుకున్నాను.

పదినిమిషాలు మాట్లాడానేమో. మిల్లు, నోటు, ఫోను, నేను రాసిన ఒక్క మాట, విచారణలో నేను పలికిన నిజాలు, చేతులు పైకెత్తి ఏడ్చిన తల్లులు, అన్నీ చెప్పాను. గోడ పక్కనుంచి వెళ్ళిన మనిషి తన భయం గురించి చెప్పమన్నది కూడా చెప్పాను. ఈ నియమంలో మాటలు ఆయనవేనని చెప్పాను. పక్క హాల్లోంచి బిర్యానీ వాసన వస్తోంది. అయినా ఎవరూ కదల్లేదు. మా సమావేశాల్లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

ఆ గట్టి గొంతు ఆయనే ముందు తేరుకున్నాడు. ఈసారి మెల్లగా అడిగాడు. "ఇప్పుడెందుకు చెప్తున్నారు మేడమ్? మెమో వస్తుంది మీకు."

"వస్తే జవాబు ఇస్తాను. ఈసారి రాసే ఇస్తాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో హాలు ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన గొడుగు ఊతగా పట్టుకుని లేచారు. "పాతది రాసినవాణ్ణి నేను. అందులో ఈ మాట ఎందుకు రాయలేదంటే, నేనూ నోటితోనే చెప్పేవాణ్ణి. నా కింద ఎంతమంది నలిగారో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేక అడగలేదు." అని కూర్చున్నారు.

చేతులెత్తమన్నారు. నియమం నెగ్గింది. గట్టి గొంతు ఆయన చెయ్యెత్తలేదు. కానీ భోజనాల దగ్గర వచ్చి నా పక్కన కూర్చుని, విస్తరి వైపు చూస్తూ, "నాకూ ఒకటుంది మేడమ్" అన్నాడు. ఏమిటని నేనడగలేదు. పెరుగు వడ్డించుకోమన్నాను.

వేటపాలెంలో అన్నట్టే డిపార్ట్‌మెంటుకి రాశాను, మావారు అనుకున్నట్టే మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. రిటైర్మెంటు డబ్బులు ఆగిపోతాయేమోనని ఆ రెండు నెలలూ ఇంట్లో అందరికీ దిగులే. ఆఖరికి నా మీద అసంతృప్తి వ్యక్తం చేస్తూ ఒక కాగితం వచ్చింది. న్యాయమే. మరో పది రోజులకు ఇన్‌స్పెక్టర్ మీద మందలింపు రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. పోయిన ప్రమోషను ఎవరూ తిరిగివ్వలేరు. ఆ విషయంలో నాకు ఏ భ్రమా లేదు.

వేటపాలెం నుంచి ఆవిడే ఫోన్ చేసింది. "కాగితం వచ్చిందండీ. మా ఆయన చదవట్లేదు, నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. నాలుగోసారి నేను చదవనన్నాను. పొయ్యి మీద కూర మాడిపోతోంది మరి."

"కోపం తగ్గిందా అమ్మా?" అనడిగాను.

"కొంచెం" అంది.

ఆ కొంచెం నాకు చాలు. ఆ మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుంటే ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది. మావారు లేపేదాకా తెలివి రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని ఆయన భయపడ్డారు. అంత బాగుండి పన్నెండేళ్ళయిందని ఆయనకెలా చెప్పను?

మొన్నామధ్య దర్శి వైపు అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో రోషం.

"మేడమ్, ఇవాళ మా శానిటేషన్ మేస్త్రీ నా పరువు తీశాడు. ఒక పెళ్ళి ఊరేగింపు ఉందని, కాలనీ వైపు చెత్త బండి పంపొద్దు, ముందు మెయిన్ రోడ్డు శుభ్రం చేయించమని చెప్పాను. సరేనని జేబులోంచి పుస్తకం తీశాడు. నా ముందే నిలబడి తేదీ వేశాడు. నా పేరు రాశాడు. 'కాలనీకి బండి ఆపమని మేడమ్ గారు చెప్పిరి' అని పైకి చదువుతూ రాస్తున్నాడు!"

"అయితే ఏమైంది?"

తనే నవ్వేసింది.

"'ఆగండి, కొట్టెయ్యండి, కాలనీకే ముందు పంపించండి' అన్నాను. ఆయన రాస్తుంటే నా ఆదేశం నాకే నచ్చలేదు మేడమ్."